కదలని నీటిచుక్క

మిషన్ హెడ్ మీద వేసిన నీటిచుక్క కదలలేదు. కిందటి వారం గ్యారంటీని మనం వదిలి వచ్చింది ఆ చుక్క ముందే.

గ్యారంటీ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆసుపత్రులు వాడి మూలన పడేసిన మిషన్లు కొని, బాగుచేసి, చిన్న క్లినిక్కులకి అమ్మడం అతని వ్యాపారం. ప్రతి బేరం చివరా "నాది గ్యారంటీ" అంటాడు కాబట్టి బజారు ఆ మాటనే పేరు చేసింది. అతని బావ, అంటే అక్క మొగుడు, ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాడు. నొప్పుల మీద పెట్టే అల్ట్రాసౌండ్ మిషన్లు అక్కడ గదికొకటి చొప్పున రెండున్నాయి. రెండూ బావమరిది అమ్మినవే. మొదటి గదిలో మిషన్‌కి స్విచ్ వదులైందని, బావ లేని పూట చూసి అక్క దాన్ని షాపుకి పంపింది. సాయంత్రానికల్లా తిరిగి పంపిస్తానన్నాడు గ్యారంటీ.

స్విచ్ బిగించడం ఎంతసేపు? బిగించాక, అమ్మేటప్పుడు చేసే పరీక్షే అలవాటు కొద్దీ చేశాడు. ఒంటి మీద ఆనించి తిప్పే హెడ్‌ని వెల్లకిలా పట్టుకుని దాని మీద ఒక చుక్క నీళ్ళు వేశాడు. మిషన్ బతికుంటే ఆ చుక్క ఉడుకుతున్నట్టు తుళ్ళిపడుతుంది. ఇక్కడ అంకెలు వెలుగుతున్నాయి, మిషన్ కూత కూస్తోంది, చుక్క మాత్రం ఆకు మీద మంచులా నిమ్మళంగా కూర్చుంది. వేరే హెడ్ తగిలించి చూశాడు. నీళ్ళు గంతులేశాయి. చచ్చిన హెడ్‌ని విప్పితే లోపల తరంగాలు పుట్టించే స్ఫటికం రెండుగా పగిలి ఉంది. ఆ పగులులో దుమ్ము పేరుకుని నల్లబడింది. అంటే నిన్నా మొన్నా పగిలింది కాదు.

పగలడం వరకూ అతనికి కోపం లేదు. మిషన్ అన్నాక పగులుతుంది. కానీ ఆ హెడ్‌ని తనకంటే ముందే ఎవరో విప్పి, మళ్ళీ మూసి పెట్టారు. ఊడిన తీగ చుట్టూ మోకాళ్ళకి వేసే గుడ్డ టేపు ముక్క అంటించారు. దాని నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మూల మొనదేలి ఉంటే బట్టకి తగిలి టేపు లేచిపోతుందని అలా గుండ్రంగా కత్తిరించే మనిషి గ్యారంటీకి తెలిసి ఒక్కడే. బావ.

బావకి తెలుసు. తెలిసే జనం ఒంటి మీద రుద్దుతున్నాడు.

సాయంత్రానికి పంపాల్సిన మిషన్ని గ్యారంటీ పంపలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ పై రెండు రోజులూ దాన్ని బల్ల మీద పెట్టుకుని పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. అక్క మనిషిని పంపితే "ఇంకా కాలేదని చెప్పు" అన్నాడు. ఐదో రోజు పొద్దున షాపు మూసి, మిషన్ని స్కూటర్ మీద తాడుతో కట్టాడు. అప్పటికి అతని చేతిలో ఉన్న సరుకు ఇదీ: చచ్చిన మిషన్ ఒకటి, జేబులో ఆ టేపు ముక్క, నెత్తికెక్కిన కోపం, వీటికి తోడు మళ్ళీ మొదలైన నడుం నొప్పి.

నడుం నొప్పి సంగతి చెప్పకపోతే అతని కోపం అర్థం కాదు. బరువులు ఎత్తే వ్యాపారం. నాలుగైదు నెలల కిందట నడుం పట్టేసి అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో ఉంటే బావ ఈ మిషన్‌తోనే బాగుచేశాడు. అంతకుముందు ఇంట్లో పెళ్ళాం "మీ నడుం భలే తెలివైంది, పెట్టెలు దించాల్సిన రోజే పట్టేస్తుంది" అని ఎకసెక్కాలాడేది. నయమయ్యాక "చూశావా, నిజం నొప్పి కాబట్టే నిజం మిషన్‌కి తగ్గింది" అని దాని నోరు మూయించాడు. ఇప్పుడా మిషన్ శవమని తేలింది. తేలిన పూటే నడుం మళ్ళీ కలుక్కుమంది. ఏ ముఖం పెట్టుకుని ఇంట్లో చెప్పుకుంటాడు?

క్లినిక్ ముందు గదిలో బెంచీ మీద మేస్త్రీ ఒకడే కూర్చుని ఉన్నాడు. గోడలు కట్టీ కట్టీ మోచెయ్యి పాడుచేసుకున్న మనిషి. గ్యారంటీ చంకలో మిషన్ చూడగానే లేచి నిలబడ్డాడు.

"వచ్చేసిందా అండీ! బతికించారు. నాలుగు రోజుల్నించి రెండో గదిలో పెడుతున్నారు గానీ, నాకెందుకో ఇదే పడుతుందండీ. దీని కూతే వేరు."

"కూత బాగానే కూస్తుంది" అన్నాడు గ్యారంటీ.

"కూతలోనే ఉందండీ దాని పవరంతా. చెయ్యి పెట్టీ పెట్టగానే లోపల జివ్వుమంటుంది."

"ఏం జివ్వుమంటుంది?"

"అదేనండీ, మీ మిషన్ గురించి నన్నడుగుతారేంటి" అని నవ్వాడు మేస్త్రీ.

గ్యారంటీకి ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

మొదటి గదిలో ఒక మంచం, దాని చుట్టూ లాగే ఆకుపచ్చ కర్టెన్, చక్రాల బల్ల, జెల్ సీసా. గోడ మీద కండరాలన్నీ ఎర్రగా గీసిన మనిషి బొమ్మ. బావ కిటికీ దగ్గర నిలబడి తువ్వాళ్ళు మడుస్తున్నాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేతులు ఇంకా పెద్దవి. నెమ్మదస్తుడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"వచ్చావా? స్విచ్ బాగైందా?"

"స్విచ్ బాగైంది బావా. మిగతాదే బాగోలేదు."

మిషన్ని బల్ల మీద పెట్టి ప్లగ్ తగిలించాడు. అంకెలు వెలిగాయి, కూత మొదలైంది. హెడ్‌ని వెల్లకిలా తిప్పి, వాష్ బేసిన్‌లో వేలు తడిపి ఒక చుక్క రాల్చాడు.

"చూడండి."

"చూస్తున్నాను."

"ఏం కనపడుతోంది?"

బావ తువ్వాలు మడత పూర్తిచేసి మిగతా వాటి మీద పెట్టాడు. "నీళ్ళు" అన్నాడు.

గ్యారంటీ జేబులోంచి టేపు ముక్క తీసి ఆ తువ్వాళ్ళ మీద విసిరాడు. "ఇదేంటో కూడా చెప్పండి. మూలలు చూసి చెప్పండి. బజార్లో ఎవణ్ణి అడిగినా చెబుతాడు, నేను అరిగిన సరుకు అమ్ముతాను గానీ చచ్చిన సరుకు అమ్మనని. నా పేరు అంటించిన మిషన్ బావా ఇది! ఎన్నాళ్ళయింది?"

"కిందపడింది. నా చేతిలోంచే జారింది. ఏడాది దాటింది."

"దాటితే? పక్క వీధిలోనే నా షాపు. ఒక్క కేక వేస్తే కొత్త హెడ్ తెచ్చి పెట్టేవాణ్ణి."

"వేద్దామనే అనుకున్నాను" అన్నాడు బావ. "పడినరోజు నాకు తెలీలేదు. అంకెలు వెలుగుతున్నాయి కదా అని నలుగురికి పెట్టేశాను. ఆ సాయంత్రం విప్పి చూస్తే పగిలిపోయి ఉంది. మర్నాడు వాళ్ళొస్తే క్షమించమని చెప్పి మళ్ళీ చేద్దామనుకున్నాను. ఆ బయట కూర్చున్న మేస్త్రీయే మొదట వచ్చాడు. 'నిన్న పెట్టినట్టు ఎప్పుడూ పెట్టలేదు సారూ, చెయ్యి పువ్వులా ఉంది' అన్నాడు. ఏం చెప్పను?"

"మిషన్ పాడైందని చెప్పండి! నోరు పెగల్లేదా?"

"ఆ రోజు పెగల్లేదు. తర్వాత చెప్పదలుచుకోలేదు. రెండో గదిలో బతికిన మిషన్, ఈ గదిలో చచ్చిన మిషన్. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఒకసారి ఇటూ ఒకసారి అటూ పంపించాను. చూస్తూ కూర్చున్నాను. ఈ గదిలోనూ తగ్గిందిరా. అక్కడ తగ్గినంతే తగ్గింది. కొందరికి అక్కడా తగ్గలేదు, ఇక్కడా తగ్గలేదు. నేను చూసినంతలో రెండు గదులకీ తేడా లేదు."

"సంబరమే."

"సంబరం ఏముందిరా ఇందులో!" బావ గొంతు మొదటిసారి లేచింది. "పాతికేళ్ళ బట్టి అందరికీ చెబుతున్నాను, తరంగాలు లోపలికి వెళ్తాయి, వాపు తీస్తాయి అని. బొమ్మ గీసి మరీ చెబుతాను. ఇప్పుడు ఆ బొమ్మ ఎవరికి చూపించను? ప్లాసిబో అని చదువుకునే రోజుల్లో ఒక పాఠం ఉండేది. మందు అని నమ్మి మింగితే ఉత్తుత్తి బిళ్ళ కూడా నొప్పి తగ్గిస్తుందని. పరీక్ష రాసి మర్చిపోయాం. నా మొత్తం పనే ఆ పాఠంలో దూరి కూర్చుంటుందని నాకేం తెలుసు?"

"మరి నా నడుం?"

"నీ నడుం కూడా."

"అంటే నాది దొంగ నొప్పి అన్నమాట. ఇంట్లో అదొకటి, ఇక్కడ మీరొకరు."

"కాదు. నీ నొప్పి నిజం. తగ్గడం నిజం. మధ్యలో మిషన్ ఒక్కటే అబద్ధం."

"మధ్యలో అబద్ధం ఉన్న బేరాన్ని మా బజార్లో ఏమంటారో తెలుసా మీకు?"

"మీ బజార్లో సరుకు పనిచేస్తే ఎవరైనా తిరిగి తెచ్చి పడేస్తారా?" అన్నాడు బావ. "ఒక్కరైనా తెచ్చారా?"

గ్యారంటీ గది మూల నుంచి మూలకి నడిచాడు.

"సరే. మీ మిషన్ అబద్ధం, మీ చెయ్యి నిజం. మీరు పావుగంట పక్కన కూర్చుంటారు, ఎక్కడ నొప్పో అడుగుతారు, తిట్టకుండా వింటారు. దానికే తగ్గుతుందేమో. నేను కాదనను. అలాంటప్పుడు ఆ చేతినే అమ్ముకోండి. బోర్డు మీద రాయించుకోండి, పక్కన కూర్చుని మాట్లాడబడును అని. తరంగాలని చెప్పి గాలి ఎందుకు అమ్మడం? నేను తూకం రాయి తేలిక చేసి, కొన్నవాడు సంతోషంగానే ఉన్నాడుగా అంటే మీరు ఊరుకుంటారా?"

"సంతోషం తూకం లాంటిది కాదురా."

"అన్నీ తూకమే బావా. మీరు కాటా చూడనివ్వడం లేదంతే."

బావ వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ కడుక్కోసాగాడు. అది చూస్తుండగా గ్యారంటీకి ఇంకో మాట గుర్తొచ్చింది. వ్యాపారి బుర్ర, ఒక లెక్క తెగకపోతే పక్క లెక్కలోకి దూరుతుంది.

"అక్కకి కూడా ఈ గదిలోనేనా?"

బావ సబ్బు అందుకున్నాడు.

"అక్క భుజం నొప్పికి. రోజూ మీరే పెడతారు కదా. ఈ గదిలోనేనా?"

"ఇక్కడే."

"అవతలి గదిలో బతికిన మిషన్ పెట్టుకుని, సొంత పెళ్ళానికి చచ్చినదా? మేస్త్రీకి ఒకసారి ఇటూ ఒకసారి అటూ అన్నారు. మరి అక్కకి?"

"దానికి ఈ గదే."

"ఎందుకని?"

"దానికి బతికినది పెట్టకూడదు" అన్నాడు బావ, నీళ్ళ చప్పుడులో కలిసిపోయేంత నెమ్మదిగా.

ఆ మాట ఇంకెవరి చెవిన పడినా ఊరికే పోయేది. గ్యారంటీ చెవిన పడింది. ప్రతి బేరం చివరా కొన్నవాడికి వేళ్ళు మడిచి మరీ అప్పజెప్పే జాగ్రత్తలు అతనికి నోటికి వచ్చు. కంటి మీద పెట్టకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళ పొట్ట మీద పెట్టకూడదు. గుండెకి మిషన్ వేయించుకున్నవాళ్ళ ఛాతీ మీద పెట్టకూడదు. అక్క భుజానికి ఇవేవీ వర్తించవు. ఇంక మిగిలింది ఒక్కటే.

గ్యారంటీ వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, గడ్డ ఉందా?"

కుళాయి కట్టేశాడు బావ. "తెలీదు. ఎముక పక్కన చేతికేదో తగిలింది. కావచ్చు, కాకపోవచ్చు."

"ఎప్పుడు?"

"ఎండలు మొదలైనప్పుడు."

"ఇప్పుడు వానలు పడుతున్నాయి!" పెళ్ళయిన నాటి నుంచి బావని 'మీరు' అన్న నోరు అక్కడ కట్టు తెంచుకుంది. "నువ్వు మనిషివేనా? ఎండల్లో చేతికి తగిలితే వానలదాకా నోరు మూసుకుని కూత పెట్టుకుంటూ కూర్చున్నావా? నేను ఎన్నిసార్లు చెప్పాను స్కాన్ తీయించమని? ప్రతిసారీ 'మిషన్‌తో తగ్గుతోందిరా, స్కాన్ ఎందుకు' అని అక్క చేతే నాకు చెప్పించావు!"

"నేను చెప్పించలేదు. అదే అంది. తగ్గుతోంది కాబట్టి అంది." బావ కళ్ళు ఎర్రబడ్డాయి. "స్కాన్ అంటే దానికి వణుకు. మీ అమ్మని ఆ గొట్టంలోకి పంపిన రోజు బయట కూర్చున్నది అదేగా. లోపలికి వెళ్ళిన అమ్మ ఒకరు, బయటికి వచ్చిన అమ్మ ఒకరు అంటుంది ఇప్పటికీ. భుజం నొప్పికి నిద్రలేక గోడకి ఆనుకుని కూర్చునేది. ఈ మిషన్ పెట్టిన రోజు నుంచి నిద్రపోతోందిరా. ఈ నాలుగు రోజులూ మిషన్ లేకపోయినా ఆ గుణం అలాగే నిలిచింది. నిద్రపోతున్న మనిషిని లేపి ఏమని చెప్పను?"

"అక్క నిద్రపోతోంది, సరే. లోపల ఉన్నది కూడా నిద్రపోతోందా?"

కర్టెన్ సర్రున పక్కకి జరిగింది.

మంచం అవతల, వెనక తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఉతికిన దుప్పట్లు ఒక చేతి మీదే మోసుకొచ్చింది. ఎప్పటి నుంచి అక్కడుందో ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"అయిపోయిందా? ఇంకేమైనా ఉందా?" అంది. "చెప్పండి, వింటాను. నా భుజమే కదా, నేను కూడా వింటే తప్పు లేదేమో."

"అది కాదు, నీ కోసమే..." అన్నాడు బావ.

"నా కోసం. నా కోసం అబద్ధం ఆడమని నేనడిగానా? దుప్పట్లు ఎలా మడవాలో కూడా నన్ను అడిగి చేస్తారు కదా, ఇదొక్కటీ అడక్కుండా ఎలా చేశారు?"

"భయమేసింది."

"భయపడాల్సింది నేను. ఆ వంతు కూడా మీరే తీసేసుకున్నారు." దుప్పట్లు మంచం మీద పడేసింది. తర్వాత గొంతు మార్చి, "బతికినది పెడితే ఏమవుతుంది?" అని అడిగింది.

"గడ్డే అయితే దాన్ని రెచ్చగొట్టినట్టవుతుందని భయం. ఎంత పెడితే ఎంత అవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకే దాని దగ్గరికి నిన్ను రానివ్వలేదు."

అక్క చెయ్యి భుజం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అది కోపమనుకున్నారు మగవాళ్ళిద్దరూ.

"అక్కా, పద. ఇప్పుడే స్కాన్‌కి వెళ్దాం. నాకు తెలిసినవాళ్ళే."

"ఉండరా. నువ్వు ఆగు." మంచం మీద కూర్చుని జాకెట్టు భుజం పక్కకి జరుపుకుంది. "ముందు ఇది పెట్టండి."

"ఏది?" అన్నాడు బావ.

"ఆ చచ్చినదే. పొద్దుట్నుంచీ సలుపుతోంది. మీ ఇద్దరి గొడవ విన్నాక ఇంకా ఎక్కువైంది. చచ్చిందని నాకిప్పుడు తెలుసు కదా. తెలిశాక కూడా తగ్గుతుందేమో చూడాలి. ఈ నొప్పి నా మాట వింటుందో, మీ అబద్ధం మాటే వింటుందో తేలాలి."

"పిచ్చా అక్కా? ఇప్పుడా?"

"నీ మిషన్‌కి నువ్వు నీళ్ళు పోసి చూసుకున్నావు. నన్ను చూసుకోనివ్వవా?"

బావ జెల్ సీసా వంచాడు. హెడ్ ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పాడు. మిషన్ ఎప్పటిలాగే కూసింది. బయట మేస్త్రీ దగ్గు వినిపిస్తోంది. గ్యారంటీ గోడ మీది ఎర్ర మనిషిని చూస్తూ నిలబడ్డాడు. ఈ చచ్చిన ముక్క ఇవాళ పనిచేయకూడదని మొక్కుకుంటున్నాడో, పనిచేయాలని మొక్కుకుంటున్నాడో అతనికే తెలీలేదు.

కూత ఆగింది. అక్క చెయ్యి ఎత్తింది. చెవిదాకా వచ్చింది. ఇంకా ఎత్తింది. తలపైకి వెళ్ళింది.

ఆవిడ మొహంలో సంతోషం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉక్రోషంతో భుజం మీద తనే ఒక్కటి చరుచుకుంది.

"తగ్గింది. సిగ్గులేని భుజం! అంతా విన్నాక కూడా తగ్గింది."

"చూశావా..." అని బావ ఏదో అనబోయాడు.

"ఏం చూడాలి?" అక్క లేచి నిలబడింది. "ఏమీ లేనిదానికి తగ్గే నొప్పి తగ్గిందని చెప్పినా, పెరిగిందని చెప్పినా ఇక నేను నమ్మను. దాని సాక్ష్యం చెల్లదు. ఇన్నాళ్ళూ తగ్గుతోంది, తగ్గుతోంది అని దాని మాట పట్టుకునే కదా నేను స్కాన్ వద్దన్నాను. ఒరే, స్కూటర్ తియ్యి. ఇప్పుడే, ఈ నిమిషమే వెళ్ళాలి."

"నేనూ వస్తాను" అన్నాడు బావ.

"మీరు రావద్దు. బయట మేస్త్రీ కూర్చున్నాడు. వెళ్ళి నిజం చెప్పండి. నాకెలా చెప్పాలో మీకు తెలీలేదు కదా, ఆయన దగ్గర మొదలుపెట్టి నేర్చుకోండి."

బావ చెప్పాడు. చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా నిలబడి, మిషన్ ఏడాదిగా పాడైపోయి ఉందని, దాన్నే పెడుతూ వచ్చానని రెండు ముక్కల్లో చెప్పాడు. మేస్త్రీ మొహం మొదట తెల్లబోయింది, తర్వాత కందగడ్డలా అయింది. వీధి గుమ్మం దిగుతున్న గ్యారంటీ వెనక పడ్డాడు.

"ఇదంతా తవ్వింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు తవ్వారండీ? మిమ్మల్ని ఎవరడిగారు? హాయిగా చెయ్యి లేస్తోంది, పని చేసుకుంటున్నాను. రేపు పొద్దున ఈ చెయ్యి లేవకపోతే గోడ మీరొచ్చి కడతారా?"

"నేను నిజం చెప్పానయ్యా!"

"నిజం మీ షాపులో పెట్టుకోండి" అని మేస్త్రీ లోపలికి వెళ్ళిపోయాడు. "సారూ, పాడైతే అయింది, మొన్నటి దాకా పెట్టినట్టే పెట్టండి" అన్న మాట స్కూటర్ చప్పుడులో సగమే వినపడింది.

స్కాన్ సెంటర్లో చల్లటి నడవా, గోడ పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. లోపలికి వెళ్ళేముందు అక్క తలపిన్నులూ చెవి కమ్మలూ కళ్ళజోడూ తీసి తమ్ముడి గుప్పిట్లో పోసింది. వేళ్ళు మంచు ముక్కల్లా ఉన్నాయి.

"అమ్మకి భయమేసినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. లోపలికి నువ్వు రాకూడదు కదా?"

"రాకూడదటక్కా. బయటే ఉంటాను. ఎక్కడికీ పోను."

తలుపు మూసుకుంది. లోపల మిషన్ డబడబా కొట్టడం మొదలుపెట్టింది. గ్యారంటీ నడుం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఇంకా కోపం చల్లారలేదు. బావని అనాల్సిన మాటలు కొత్తకొత్తవి తడుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇందాక తట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించేలా ఉన్నాయి.

తలుపు తీసుకుని స్కాన్ డాక్టరమ్మ వచ్చింది. నిలబడి మాట్లాడలేదు, పక్క కుర్చీలో కూర్చుంది.

"గడ్డ ఉంది" అంది. "పెద్దదేమీ కాదు. మంచిదో చెడ్డదో ముక్క తీసి పరీక్షకి పంపితే గానీ చెప్పలేం. అందాకా ఏదో ఊహించుకుని బెంగపడొద్దు. ఒక్కటి అడగాలి. దాని మీద వేడి కాపడాలు, అల్ట్రాసౌండ్ మిషన్లు లాంటివి పెట్టించారా?"

"పెట్టారమ్మా. కానీ అది చచ్చిన మిషన్." ఆ మాట గ్యారంటీ నోట అంత గర్వంగా వస్తుందని గంట క్రితం ఎవరైనా అంటే చెంప పగలగొట్టి ఉండేవాడు. "అమ్మినవాణ్ణి నేనే, పరీక్ష చేసి చూశాను. ఒక్క తరంగం కూడా లోపలికి వెళ్ళలేదు. మా బావ ఆ జాగ్రత్త తీసుకున్నాడు. బతికినదాన్ని దగ్గరికి రానివ్వలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆవిడ వేరేలా చెప్పారే. ఆ మిషన్ నాలుగు రోజుల క్రితం మీ షాపుకి వచ్చిందట కదా. రాత్రి నిద్రపట్టక, ఆయనకి చెబితే కంగారుపడతారని, క్లినిక్ మూశాక రెండో గదిలోది తనే పెట్టుకున్నారట. రోజూ. నొప్పి తగ్గే దాకా. రెండింటికీ తేడా ఏమీ తెలీలేదు అంటున్నారు."

గ్యారంటీ గుప్పిట్లో చెవి కమ్మలు గుచ్చుకున్నాయి. ఇందాక క్లినిక్‌లో అక్క చెయ్యి భుజం మీద ఎందుకు ఆగిపోయిందో, ఈ నిమిషమే వెళ్ళాలని ఎందుకు అందో ఇప్పుడు తెలిసింది.

"మీ మిషన్ సాయంత్రానికి తిరిగి వస్తుందని ఎదురుచూశారట" అంది డాక్టరమ్మ లేస్తూ. "ఆవిడ మిమ్మల్ని పిలుస్తున్నారు. అంతకంటే ముందు మీ బావగారికి ఫోన్ చేసి రమ్మనండి. రెండో గదిలో మిషన్ ఎంత పవర్ మీద పెట్టి ఉందో ఆయన్ని అడిగి తెలుసుకోవాలి."

ఫోన్ తీశాడు. బావ పేరు తెర మీద కనపడింది. ఒత్తడానికి వేలు రాలేదు. ఎంత వద్దనుకున్నా బుర్ర తన పని తాను చేసుకుపోయింది, ఆ రోజుకి లెక్క తేల్చింది. బావ ఎండల నుంచి వానల దాకా అబద్ధమాడి, బతికిన మిషన్ అక్కకి తగలకుండా ఒక్కటి కాపాడుకొచ్చాడు. కోపంతో తను నాలుగు రోజులు మిషన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే అది కాస్తా పోయింది. తన జమ వైపు రాసుకోవడానికి ఎంత వెతికినా ఒక్కటే దొరికింది: పొద్దున బావతో పెట్టుకున్న వాదనలో మాత్రం, ప్రతి మాటలోనూ, గెలిచింది తనే.